మా బావ నడిపిన లారీ

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం, ఆటోనగర్‌లో మేం పాత డ్రైవర్లం చేరే టీకొట్టు దగ్గర, ఒకాయన తన ఫోను నా ముఖం ముందు పెట్టి, మీ బావ ఎంత బాగా మాట్లాడాడో చూడండి అన్నాడు. పాతకాలపు లారీ డ్రైవర్లని వెతికి పట్టుకుని, వాళ్ల చేత కబుర్లు చెప్పించి ఫోనుల్లో పెట్టే మనిషి ఎవరో గన్నవరం వెళ్లి, మా బావని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇస్త్రీ చొక్కా జేబుకి చిన్న మైకు తగిలించి ముప్పావుగంట మాట్లాడించాడు. ఆయన చెప్పడంలో మొనగాడు, ఆ మాట కాదనను. కొల్లేటి చేపలు, కలకత్తా రోడ్డు, వానలో తెగిన కల్వర్టులు అన్నీ చెప్పుకొచ్చి చివర్లో గొంతు తగ్గించి, మా బామ్మర్ది ఒకసారి స్టీరింగు మీద కునుకు తీశాడండి, ఒక నిండు ప్రాణం పోయింది, జనం వాణ్ణి కూడా చంపేసేవాళ్లే, నేను పరిగెత్తి పోలీసుల్ని తీసుకురాబట్టి బతికాడు అని చెప్పి, తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. దాని కింద ఎవరెవరో దణ్ణాలు పెట్టారు. టీకొట్టు దగ్గర ఉన్నవాళ్లు కూడా అయ్యో పాపం అన్నట్టు నా వైపు చూశారు, అంటే నన్ను క్షమించేసినట్టు.

ఆ లారీ నేను నడపలేదు. ఆయన నడిపాడు. ఈ రెండు ముక్కలూ ఎవరైనా నమ్మేలా చెప్పాలని పాతికేళ్లుగా చూస్తున్నాను. ఆ కొట్టు దగ్గర చెప్పబోతే, పాత సంగతులు ఇప్పుడెందుకులే, పెద్దాయన, ఆరోగ్యం బాగోలేదు అని నన్నే సముదాయించారు. సగం తాగిన టీ బల్ల మీద పెట్టేసి వచ్చేశాను. మళ్లీ అటు వెళ్లలేదు. ఆ కాలంలో ఆ రోడ్డు మీద తిరిగిన మన వయసు వాళ్లు ఇంకా కొందరైనా మిగిలే ఉంటారు కాబట్టి, మీకైనా చెప్పుకుందామని రాస్తున్నాను. నేను మంచివాణ్ణని చెప్పుకోవడానికి మాత్రం కాదు, అది చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మాది పామర్రు దగ్గర చిన్న ఊరు. నాన్న చిన్నప్పుడే పోయాడు. ఉన్న కాస్త పొలం కౌలుకిచ్చి అమ్మ మా ఇద్దర్నీ పెంచింది. అక్క నాకన్నా ఏడేళ్లు పెద్దది. అక్కకి లారీ డ్రైవరు సంబంధం వచ్చినప్పుడు మా పెదనాన్న ముఖం చిట్లించాడు గానీ, పెళ్లిచూపులకి వచ్చిన మా బావని చూసి ఎవరూ కాదనలేకపోయారు. తెల్లటి బట్టలు, నూనె రాసి దువ్విన జుట్టు, చెవి వెనక అత్తరు, పెద్దల ముందు చేతులు కట్టుకుని నిలబడే మర్యాద. లారీ డ్రైవర్లంటే మా ఊళ్లో ఉన్న అభిప్రాయం ఆ ఒక్క సాయంత్రంతో మారిపోయింది. నేను పదో తరగతి తప్పి ఇంట్లో ఖాళీగా ఉంటే, నాతో పంపించండి అత్తయ్యగారూ, డ్రైవర్ని చేసి పంపిస్తాను అన్నది కూడా ఆయనే. మాట నిలబెట్టుకున్నాడు. ఇవన్నీ దాచిపెట్టి ఆయన్ని తిట్టడం నాకు చేతకాదు, అదే నా ఖర్మ.

బండి నేర్పడంలో ఆయనలాంటి గురువుని నేను మళ్లీ చూడలేదు. గేరు మార్చినట్టు వెనకాల ఉన్న సరుకుకి తెలియకూడదు అనేవాడు. స్టీరింగుని గట్టిగా పట్టుకుంటే చేతి వెనక మీద చిన్నగా కొట్టి, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోరా అనేవాడు. నన్ను కళ్లు మూసుకుని కూర్చోమని, ఇంజను శబ్దం విని ఇప్పుడు ఏ గేరులో ఉన్నామో చెప్పమనేవాడు. తప్పు చెబితే ఆ పూట భోజనంలో పెరుగు లేదు. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి నాకు హెవీ లైసెన్సు చేతికొచ్చింది. ఆ రోజు గుణదల కొండ దగ్గర బండి ఆపి, ఇక నుంచి నువ్వు నా శిష్యుడివి కాదు, జోడీవి అన్నాడు. నేను ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మాది చేపల బండి. కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో పట్టిన చేపని ట్రేలలో సర్ది, మధ్యమధ్యలో నలగ్గొట్టిన ఐసు పోసి, పైన ఊక కప్పి, పట్టా బిగించి, సాయంత్రం కల్లా రోడ్డెక్కితే మూడో పొద్దుకి హౌరాలో దించాలి. ఒక పూట ఆలస్యమైతే సరుకు సరుకు కాదు. అందుకే చేపల బండికి ఇద్దరు డ్రైవర్లు, ఒకడు పడుకుంటే ఒకడు నడపాలి, చక్రం ఆగకూడదు. బండి వెనకాల ఐసు నీళ్లు ధారగా కారుతూ ఉండేవి, ఆ వాసనకి దారిలో హోటళ్ల వాళ్లు మమ్మల్ని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. బయట చెట్టు కింద నులకమంచం వేసి అక్కడికే అన్నం తెచ్చేవాళ్లు. మా బావ ఆ అవమానాన్ని కూడా దర్జాగా మార్చుకునేవాడు, మాకు గాలి తగిలేచోటే వడ్డించమన్నాం అని పక్కవాళ్లతో చెప్పేవాడు. అక్క కట్టిచ్చిన గోంగూర పచ్చడి, కిరోసిన్ స్టవ్వు మీద మేం వండుకున్న అన్నం, వెనకాల బంగాళాఖాతం గాలి. ఎన్ని చేదు సంగతులు జరిగినా ఆ అన్నం రుచి నా నాలిక మీంచి పోలేదు.

తొంభైల చివర్లో, ఒక శీతాకాలం ఉదయం, శ్రీకాకుళం జిల్లా కొసాకి వచ్చాం. పలాస దాటి, ఇంకా ఇచ్ఛాపురం రాలేదు. రెండువైపులా కొబ్బరి తోటలు. రాజమండ్రి నుంచి నేను నడుపుకొచ్చి, టీ కోసం ఆగినచోట స్టీరింగు ఆయనకిచ్చి, సీటు వెనకాల బల్ల మీద పడుకున్నాను. ఆయన కళ్లు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. ఇంకో గంట నేనే నడుపుతాను అన్నాను. ఎక్కువ మాట్లాడకు, పడుకో అన్నాడు. అదీ నాకు బాగా గుర్తు.

నాకు మెలకువ వచ్చింది పెద్ద కుదుపుకి. లేచి చూస్తే ముందు చక్రం ఒకటి రోడ్డు దిగి తుప్పల్లో ఉంది. అద్దం పగిలింది. రోడ్డంతా కొబ్బరికాయలు దొర్లుతున్నాయి. మొదట చెట్టుని గుద్దామేమో అనుకున్నాను. తరవాత సైకిలు కనిపించింది, దాని అవతల మనిషి. డ్రైవరు వైపు తలుపు తెరుచుకుని ఊగుతోంది, సీట్లో ఎవరూ లేరు. గట్టు అవతల కొబ్బరి మొక్కల మధ్య మా బావ తెల్ల బనీను పరిగెత్తుతూ కనిపించింది, అంతలోనే కనిపించకుండా పోయింది. పారిపోవడం తప్పని నేను ఈ రోజుకీ అనను. ఆ రోజుల్లో ప్రమాదం జరిగితే డ్రైవరు దొరికినచోటే చచ్చేవాడు, దగ్గర్లో పోలీస్ స్టేషను ఎక్కడుంటే అక్కడికి పరిగెత్తమని పెద్ద డ్రైవర్లే నేర్పేవాళ్లు. కానీ వెనకాల నేను నిద్రపోతున్నానని ఆయనకి తెలుసు. ఒక్క కేక వేసి పరిగెత్తి ఉండొచ్చుగా.

నేను దిగాను. తెరిచి ఉన్న తలుపు అదే కాబట్టి డ్రైవరు వైపు నుంచి దిగాను. నా జీవితం మొత్తం ఆ ఒక్క అడుగు మీద తిరిగిందని అప్పుడు తెలియదు. తోటల్లోంచి పరిగెత్తుకొస్తున్న జనం చూసింది, ఆ తలుపులోంచి ఆ అడుగు కింద పెట్టిన మనిషిని. నేను ఆ సైకిలు మనిషి దగ్గరికి వెళ్లి తల ఎత్తి నా ఒళ్లో పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ల లోపు మనిషి. కళ్లు తెరిచే ఉన్నాయి, పెదాలు కదిలాయి, ఏం అన్నాడో నాకు అందలేదు. వంగి వినబోతుండగా వీపు మీద మొదటి దెబ్బ పడింది. తరవాత ఎన్ని పడ్డాయో తెలియదు. నేను కాదు, నేను కాదు అని అరిచాను, అలా అరవని డ్రైవరు ఎవడుంటాడు? ఎవరో నా ఎడమ చెయ్యి మీద నిలబడి తొక్కారు, మణికట్టులో ఎముక విరిగిన శబ్దం నాకు వినిపించింది. దారినపోతున్న మాస్టారొకాయన నా మీద అడ్డంగా పడి, చంపేస్తే మీరూ జైలుకి పోతారు అని మొత్తుకోకపోతే అక్కడే అయిపోయేవాణ్ణి. ఆ మాస్టారి ముఖం కూడా నాకు సరిగ్గా గుర్తులేదు.

పోలీసు జీపు వచ్చింది. ముందు సీటు వెనకాల మా బావ కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూడగానే నాకు ఏడుపొచ్చింది, వచ్చాడు, ఇక భయం లేదు అనుకున్నాను. హెడ్డుగారు ఇద్దర్నీ చూసి, నడిపింది ఎవరయ్యా అని అడిగాడు. మా బావ నా వైపు చూడకుండా, జీపు పైకప్పు పట్టుకునే కమ్మీ వైపు చూస్తూ, మా బామ్మర్దేనండి అన్నాడు.

నోటి నిండా నెత్తురు ఉంది నాకు, వెంటనే మాట రాలేదు. నేను కాదనకపోవడానికి అదొక్కటే కారణం కాదు. ఇది ఏదో ఎత్తు అయ్యుంటుంది, బయటపడ్డాక చెవిలో చెబుతాడు, అప్పుడు సరిచేసుకోవచ్చు అనుకున్నాను. గురువు కదా. ఇంజను శబ్దం వినడం నేర్పినవాడు నన్ను ముంచేస్తాడని ఎలా అనుకుంటాను?

చెవిలో చెప్పింది ఆయన కాదు, మా అమ్మ. నాలుగో రోజున లారీ ఓనరుగారి మనిషిని వెంటబెట్టుకుని, పోలీసులు నన్ను ఉంచిన ఆసుపత్రికి రైల్లో వచ్చింది. అంతదూరం ఎప్పుడూ ప్రయాణం చెయ్యని మనిషి. కట్టు కట్టిన నా చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చి, తరవాత అసలు సంగతి చెప్పింది. మా బావ లైసెన్సు గడువు తీరి రెన్యువల్ కాలేదు, పాతది ఒక కేసు కూడా ఆయన మీద ఉంది, ఆయన పేరు రాస్తే పెద్ద శిక్ష పడుతుంది, నా పేరయితే తేలిగ్గా పోతుందని వకీలుగారు చెప్పారట.

"అక్కకి నెలలు నిండుతున్నాయిరా. పెద్దది ఇంకా అన్నం కలుపుకు తినలేదు. నువ్వు ఒంటిగాడివి" అంది.

"నేను నడపలేదమ్మా" అన్నాను.

"నాకు తెలుసు నాన్నా. అందుకే నిన్ను అడుగుతున్నాను."

కోర్టులో నన్ను నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగినప్పుడు, ఒప్పుకుంటున్నానండి అన్నాను. కాబట్టి అబద్ధం ఆడినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ లెక్క తప్పించుకోను. ఆ రోజు కోర్టు వరండాలో చనిపోయినతని భార్య నిలబడి ఉంది. ఇరవై మూడో ఇరవై నాలుగో ఏళ్లు ఉంటాయి, చంకలో బిడ్డ. పోలీసులు నన్ను ఆమె ముందు నుంచే నడిపించుకెళ్లారు. తిట్టలేదు, శాపం పెట్టలేదు. నా ముఖం మర్చిపోకూడదని చూస్తున్నట్టు చూసింది. ఆ చూపు చూడాల్సిన ముఖం నాది కాదు అని అరవాలనిపించింది.

ఆరు నెలలు పడింది. ఆ జైలు ఉన్న ఊరి మీదుగానే కలకత్తా రోడ్డు పోయేది. వారానికి రెండుసార్లు మా చేపల బండి అటూ ఇటూ అదే రోడ్డు మీద పోయేది, దాని గాలి హారను నాకు వెయ్యి బండ్లలో తెలుస్తుంది. వినేవాణ్ణి. ఊళ్లోకి వచ్చేటప్పుడు గేరు తగ్గించడం, దాటాక మళ్లీ ఎత్తడం, అంతా వినిపించేది. ఎవరి చెయ్యో కూడా తెలిసేది, ఎందుకంటే గేరు మారినట్టు ఎవరికీ తెలియకుండా మార్చేది ఆయనొక్కడే. ఆరు నెలల్లో ఆ బండి ఒక్కసారి ఆగలేదు. సరుకు పాడైపోతుంది కదా, ఎలా ఆగుతాం అని తరవాత అక్కతో చెప్పాడట. వెళ్లేటప్పుడు సరుకు ఉంది. వచ్చేటప్పుడు ఖాళీ ట్రేలేగా ఉండేవి!

బయటికొచ్చేసరికి మణికట్టు వంకరగా అతికింది. గేరు కర్ర పట్టుకుంటే మోచేతి దాకా సలుపు. ఉయ్యూరులో అనుకున్న సంబంధం వాళ్లు, జైలుకెళ్లినవాడికి పిల్లనివ్వం అని కబురు పెట్టారు. ఇవన్నీ మింగాను. అక్క రెండో బిడ్డని తెచ్చి నా ఒళ్లో పెట్టినప్పుడు, సరే, ఈ పిల్లకి తండ్రి ఇంట్లో ఉన్నాడు, నా ఆరు నెలలూ దానికి సరిపోయాయి అని కూడా అనుకున్నాను. మా బావ ఆ రోజు నా ఎదుటికొచ్చి, తప్పయిందిరా అని ఒక్కమాట అని ఉంటే, ఈ రాతలు ఉండేవి కావు. ఆయన నాకు కొత్త చొక్కా గుడ్డ ఇచ్చాడు.

దాని తరవాత మూడు నాలుగు నెలలకి, ఆటోనగర్‌లో బండి రిపేరుకి పెట్టినచోట, నేను వెనకాల ఉన్నానని చూసుకోకుండా కొత్తగా వచ్చిన డ్రైవర్లకి ఆయన బుద్ధులు చెబుతుంటే విన్నాను. "నిద్ర వస్తే బండి పక్కన పెట్టండ్రా. మొండికేస్తే మా బామ్మర్దిలాగే అవుతారు. నేను నడుపుతానురా అన్నా వినలేదు వాడు." అందరూ తల ఊపుతున్నారు. ఆయన గొంతులో వణుకు లేదు, తడబాటు లేదు. నేను ఆయనతో అన్న మాట, ఆయన నాకిచ్చిన జవాబు, రెండూ తిరగేసి తన సొంతం చేసుకున్నాడు. ముందుకెళ్లి చొక్కా పట్టుకుని గోడకి నెట్టాను. కుడిచేత్తో రెండు దెబ్బలు వేశాను. ఎడమది లేవలేదు. నలుగురు పట్టుకుని లాగారు. పెద్ద డ్రైవరొకాయన, నేర్పిన చేతిని కొడతావా అని నా మీద ఉమ్మేసినంత పని చేశాడు. నేను నిజం చెప్పాను. కోర్టులో నువ్వే ఒప్పుకున్నావుగా అన్నారు. అంతే.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పెద్ద మేనకోడలి ఓణీల ఫంక్షన్లో మేనమామగా పీట దగ్గర నిలబడ్డాను, ఆయన ఇటు, నేను అటు. ఫొటోల్లో చూస్తే ఎవరో ఇద్దరు పరాయి మగాళ్లు ఒకే పిల్ల మీద అక్షింతలు వేస్తున్నట్టు ఉంటుంది. అమ్మ పోయినప్పుడు పాడె ముందు కొమ్ము చెరొకటి పట్టుకున్నాం. అప్పుడూ మాట్లాడలేదు. ఆయన తరవాత సొంతంగా లారీ కొన్నాడు, పేరున్న మనిషి అయ్యాడు. నేను లైసెన్సు మళ్లీ చేతికొచ్చాక కొండపల్లి వైపు చేరి, థర్మల్ కేంద్రం బూడిదని ఇటుక బట్టీలకి తోలే లోకల్ బండి ఎక్కాను. కలకత్తా రోడ్డు మీద తిరిగినవాణ్ణి, రోజూ అదే పన్నెండు కిలోమీటర్లు, నోట్లో బూడిద, కనుబొమల మీద బూడిద. పని తప్పు కాదు. కానీ దూరాలు పోయే లైను డ్రైవర్లు పక్క నుంచి పోతూ హారను కొడితే తల తిప్పుకునేవాణ్ణి.

రెండు వేల ఆరో, ఏడో అయ్యుంటుంది, ఒడిశాలోని కటకానికి పసుపు కొమ్ముల లోడు వేసిన బండి డ్రైవరు జ్వరంతో పడిపోతే, వెళ్తావా అని అడిగారు. మణికట్టు సంగతి ఆలోచించకుండా వెళ్తానన్నాను. ఏళ్ల తరవాత ఆ రోడ్డు. అప్పటికే రోడ్డు వెడల్పు చేస్తున్నారు, చెట్లు కొట్టేసి పెద్ద పెద్ద దుంగలు పక్కన పడేశారు. ప్రమాదం జరిగిన ఆ ఊరొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. బండి ఆపాను. అడిగితే చెప్పారు, చనిపోయినతని భార్య రోడ్డు పక్కనే తాటాకు పందిరి వేసుకుని కొబ్బరిబొండాలు అమ్ముతోందని. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. నన్ను గుర్తుపట్టింది. ఎలా గుర్తుపట్టిందో చెప్పలేను, కత్తి ఆగింది, మళ్లీ కదిలింది.

అన్ని ఏళ్లు లోపల పేర్చుకున్న మాటలన్నీ ఒక్కసారి వచ్చేశాయి. ఆ రోజు నడిపింది నేను కాదమ్మా, మా బావ, నేను వెనకాల పడుకున్నాను, ఇంట్లోవాళ్ల కోసం ఒప్పుకున్నాను, నీకు ఒక్కదానికైనా నిజం తెలియాలని వచ్చాను అన్నాను. ఆమె విన్నది. బొండాం తల చెక్కుతూనే విన్నది.

"నువ్వు కాపోతే ఇంకొకడు. ఎవుడు తోల్తే నాకేటి బాబూ? లారీ మీదే గదా" అంది.

నేను నోరు తెరవబోయాను.

"ఈ మాట సెప్పడానికా ఇంత దూరం వొచ్చినావు? తప్పుకో, బేరం టైము."

ఆ చెక్కిన బొండాం నా పక్కన నిలబడ్డ మోటారు సైకిలు అతనికి ఇచ్చింది. నేను తప్పుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఒడిశా దాకా ఆమెని తిట్టుకుంటూనే నడిపాను. నిజం చెప్పడానికి వస్తే వినే మనసు లేదేమిటి అని. బరంపురం దాటాక ఎక్కడో తట్టింది, నేను ఆమెని ఎలా ఉన్నావమ్మా అని అడగలేదు. చంకలో బిడ్డ ఏమైందని అడగలేదు. ఆమె భర్త పేరు కోర్టులో చదువుతుంటే విన్నాను, ఆ పేరు కూడా ఎత్తలేదు. నా మీద పడ్డ మరక తుడిపించుకోవడానికి ఆ మనిషి దగ్గరికే వెళ్లాను. ఆ తరవాత మా బావ మీద కోపం తగ్గలేదు గానీ, దాన్ని తలుచుకుంటే ముందున్న సుఖం పోయింది.

ఇదీ సంగతి. వీడియో చూసిన మర్నాడు పొద్దున్నే బస్సెక్కి గన్నవరం వెళ్లాను. ఆ గుమ్మం తొక్కి ఆరేళ్లయింది. మా బావ వరండాలోనే ఉన్నాడు, డెబ్భై దగ్గర పడింది, చిక్కిపోయాడు. నన్ను చూసి లేవబోయి, రారా, రా, కూర్చో అన్నాడు, నిన్నే కలిసినట్టు. కూర్చోలేదు. ఇన్నేళ్ల కోపంలోనూ ఆయన్ని మీరు అనడం మాత్రం మానలేకపోయాను.

"ఆ రోజు స్టీరింగు మీద ఎవరున్నారు బావా? మీరే చెప్పండి" అన్నాను.

ఆయన నా ముఖంలోకి సూటిగా చూశాడు. "అదేం ప్రశ్నరా? నువ్వే గదా" అన్నాడు.

నేను ఆ కళ్లలో వెతికాను. అబద్ధం ఆడేవాడి కళ్లు నాకు తెలుసు, చెక్‌పోస్టుల్లో, కోర్టులో ఎన్ని చూశాను. అక్కడ ఏమీ లేదు. చెప్పీ చెప్పీ ఆయన మనసులో అదే నిజమైపోయింది. తను నడిపిన లారీ, తను పరిగెత్తిన తోట, ఆయన దగ్గర లేవు. నా దగ్గరే ఉన్నాయి.

అప్పుడు మా అక్క కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. గ్లాసులు కిటికీ గట్టు మీద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, మెల్లగా అంది: "నువ్వు కాదు. ఆయనే. ఇంటికొచ్చిన రోజే నాతో చెప్పుకుని ఏడ్చారు."

మా బావ ఆమె వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "నువ్వున్నావా అక్కడ? నీకేం తెలుసే?" అని గొంతు పెంచాడు. దగ్గు తెర వచ్చింది. అక్క వెళ్లి వీపు రాసింది. రాస్తూనే నా వైపు చూసింది. పాతికేళ్లుగా నేను ఎదురుచూసిన మాట ఆ ఇంట్లోనే, ఆయన ఎదురుగానే వినిపించింది, నాకు మాత్రం సంతోషం రాలేదు. వచ్చిన కోపం ఈసారి అక్క మీద. ఇంటికొచ్చిన రోజే తెలుసా? నేను జైల్లో ఉన్నప్పుడు తెలుసా? ఆటోనగర్‌లో నలుగురూ నన్ను ఈడ్చి పడేసిన రోజు, నా ముక్కు తుడిచి అన్నం పెట్టినప్పుడు కూడా తెలుసా? అడిగాను. అక్క తల ఊపింది. ఒక్క ముక్క బయట అనొచ్చుగా అన్నాను. "ఆ ముక్క అనేస్తే ఇక నువ్వు జైలుకెళ్లింది దేనికిరా?" అంది. కాఫీ ముట్టకుండా వచ్చేశాను. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఒక్కోసారి ఎత్తుతాను. బీపీ మాత్రల గురించి మాట్లాడుకుంటాం.

ఇప్పుడా రోడ్డు ఆ ఊళ్లోకి పోదు. పొలాల అవతల నుంచి బైపాస్ వేశారు, సైకిలు మీద కాయలు తెచ్చేవాళ్లు ఆ రోడ్డెక్కే పనే లేదు. చేపల బండ్లకి మూసిన పెట్టెలు వచ్చాయి, నీళ్లు కారవు, వాసన రాదు, హోటళ్లలో అందరితో పాటు లోపలే కూర్చోబెడతారు. డ్రైవరు మీదకి తిప్పి పెట్టిన కెమెరాలు వచ్చాయి, కన్ను మూతపడితే కూత పెడతాయట. మా రోజుల్లో అవి ఉంటే ఒక మనిషి బతికేవాడు, నేనూ ఇంకోలా బతికేవాణ్ణేమో. చాలా బండ్లకి ఇప్పుడు డ్రైవరు ఒక్కడే, పక్క సీటు ఖాళీ, పాటలు పెట్టుకుని పోతున్నారు. వాళ్లని చూస్తే జాలేస్తుంది, అసూయ కూడా.

మా బావని నేను క్షమించలేదు. ఆయన పోయినా వెళ్తానో లేదో తెలియదు. కానీ ఎప్పుడైనా మధ్యాహ్నం కునుకు పట్టి కలలో రోడ్డు వస్తే, కొబ్బరి తోటల మధ్య నుంచి బండి మెత్తగా పోతూ ఉంటుంది, గేరు మారినట్టే తెలియదు, నేను పక్క సీట్లో కూర్చుని నిశ్చింతగా బయటికి చూస్తూ ఉంటాను. స్టీరింగు దగ్గర ఎవరున్నారని తల తిప్పి చూడనక్కర్లేదు నాకు. ఇన్నేళ్లయినా ఆ సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టలేకపోయాను, నా కోపమంతా అదే.